పెళ్ళి మండపంలో నిన్నటి ఫ్లాష్ సెట్టింగులు: కెమెరాను మళ్ళీ మామూలు స్థితికి తెచ్చే విధానం

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామంది ఇక్కడి ఆనవాయితీని అనుసరించి, రిసెప్షన్‌ను పెళ్ళికి ముందు రోజు సాయంత్రమే జరుపుకుంటున్నారు. ఆ సాయంత్రం వరుడు నల్లని లేదా ముదురు నీలం రంగు సూటులో వేదిక మీద నిలబడతాడు. మరునాడు ముహూర్తం తెల్లవారుజామున ఉంటే, కొద్ది గంటల తేడాతో అదే మండపంలో, అదే కెమెరా ముందు, తెల్లని మధుపర్కాలలో పీటల మీద కూర్చుంటాడు. ఫొటోలు తీసేవారికి ఈ రెండు సందర్భాల మధ్య సరైన నిద్ర కూడా ఉండదు. రాత్రి పెట్టిన ఫ్లాష్ సెట్టింగు తెల్లవారినా కెమెరాలో అలాగే ఉండిపోయి, మాంగల్యధారణ ఫొటోలలో వధూవరుల ముఖాలు చీకటిగా రావడానికి ఇదే ప్రధాన కారణం. ఆ ఘట్టం మళ్ళీ జరగదు కనుక, ఈ చిన్న విషయాన్ని ఎంతో శ్రద్ధగా పట్టించుకోవాలి.

ముఖాలు ఎందుకు చీకటిగా వస్తాయో ముందుగా తెలుసుకుంటే, ఏమి సరిచేయాలో సులభంగా గుర్తుంటుంది. టీటీఎల్ పద్ధతిలో పనిచేసే ఫ్లాష్, అసలు ఫొటోకు కొద్ది క్షణాల ముందు ఒక చిన్న మెరుపును పంపి, అది ఎదుటి వస్తువు మీద పడి తిరిగి వచ్చిన కాంతిని లెన్స్ ద్వారా కొలిచి, దానిని బట్టి అసలు మెరుపు ఎంతసేపు వెలగాలో నిర్ణయిస్తుంది. ఎదురుగా ఉన్నది నలుపూ తెలుపూ కాని మధ్యస్థమైన రంగు అన్న అంచనాతోనే కెమెరా ఈ లెక్క వేస్తుంది. నల్లని సూటు కాంతిని చాలావరకు మింగేస్తుంది కనుక, వెలుతురు చాలలేదని భావించి కెమెరా ఫ్లాష్‌ను పెంచుతుంది. దానితో వరుడి నుదురు, ముక్కు తెల్లగా పాలిపోతాయి. తెల్లని మధుపర్కాలు కాంతిని దాదాపు మొత్తంగా తిప్పి పంపుతాయి కనుక, వెలుతురు ఎక్కువైందని భావించి ఫ్లాష్‌ను తగ్గిస్తుంది. దానితో ముఖాలు నల్లబడి, తెల్లని వస్త్రం బూడిద రంగులోకి దిగుతుంది. ఇటీవలి కెమెరాలు దూరాన్ని, ముఖాలను కూడా లెక్కలోకి తీసుకుని ఈ పొరపాటును కొంత సరిదిద్దుకుంటాయి గాని, పూర్తిగా కాదు.

అందువల్ల అనుభవం ఉన్నవారు సూటు వేసుకున్న వరుడికి ఫ్లాష్ కాంపెన్సేషన్‌ను (కెమెరా లెక్కించిన ఫ్లాష్ వెలుతురును మనం పెంచే లేదా తగ్గించే విలువను) మైనస్ 1కి, మధుపర్కాలలో ఉన్న జంటకు ప్లస్ 1కి దగ్గరగా పెడతారు. ఈ విలువలో ఒక్కో అంకెను ఒక స్టాప్ అంటారు. ఒక్కో స్టాప్ అంటే కాంతి రెట్టింపు కావడమో, సగం కావడమో అని అర్థం. సాయంత్రం పెట్టిన మైనస్ 1ని తెల్లవారుజామున అలాగే వదిలేస్తే, ప్లస్ 1 కావలసిన చోట మైనస్ 1 పనిచేస్తుంది. అంటే తేడా రెండు స్టాపులు. జంట ముఖాల మీద పడవలసిన ఫ్లాష్ కాంతిలో నాలుగో వంతు మాత్రమే పడుతుంది. కెమెరా సహజంగా చేసే పొరపాటూ, మనం వదిలేసిన సెట్టింగూ ఒకే దిక్కుగా లాగడం వల్ల నష్టం ఇంత పెద్దదవుతుంది. రిసెప్షన్ పెళ్ళి తరువాత జరిగే ఇళ్ళలో ఇదే తిరగబడుతుంది. మధుపర్కాలకు పెట్టిన ప్లస్ 1 అలాగే ఉండిపోయి, సూటులో ఉన్న వరుడి ముఖం పూర్తిగా తెల్లబారిపోతుంది.

కెమెరా ఆపేస్తే పోయేవి, పోనివి

కెమెరాను ఆపి మళ్ళీ వేస్తే అన్నీ మొదటికి వస్తాయని చాలామంది నమ్ముతారు. ఫ్లాష్ కాంపెన్సేషన్ విషయంలో ఇది నిజం కాదు. క్యానన్, నికాన్ రెండూ కెమెరా ఆపిన తరువాత కూడా ఈ విలువను అలాగే ఉంచుతాయి. బ్యాటరీ తీసి పెట్టినా ప్రయోజనం ఉండదు. కరెంటు లేకపోయినా చెరిగిపోని జ్ఞాపకంలో సెట్టింగులు నిలిచి ఉంటాయి. బ్యాటరీ చాలాకాలం లేకపోతే తేదీ, సమయం మాత్రం పోవచ్చు. తనంతట తాను పోయేది ప్రధానంగా ఒక్కటే. ఒక ముఖం మీద ఫ్లాష్ వెలుతురును కొలిచి, ఆ కొలతను పట్టి ఉంచే ఫ్లాష్ ఎక్స్‌పోజర్ లాక్ అనే తాత్కాలిక సదుపాయం కొద్దిసేపటికి గాని, కెమెరా ఆపినప్పుడు గాని రద్దవుతుంది.

మరచిపోవడానికి ఇంకొక కారణం కూడా ఉంది. ఫొటో మొత్తం వెలుగును పెంచే, తగ్గించే సాధారణ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మారిస్తే వ్యూఫైండర్‌లోని (కన్ను పెట్టి చూసే కిటికీలోని) కొలబద్ద మీద గీత పక్కకు జరిగి కనిపిస్తుంది. లోపల అద్దం లేకుండా దృశ్యాన్ని తెర మీద చూపే మిర్రర్‌లెస్ కెమెరాలలోనైతే దృశ్యమే వెలుగుగానో చీకటిగానో మారుతుంది. ఫ్లాష్ కాంపెన్సేషన్‌ను మారిస్తే మాత్రం మెరుపు గుర్తు పక్కన ప్లస్, మైనస్ ఉన్న ఒక చిన్న బొమ్మ కనిపిస్తుంది, అంతే. ఫ్లాష్ ఇంకా వెలగలేదు కనుక దాని ఫలితాన్ని ముందుగా చూపడం ఏ వ్యూఫైండర్‌కూ సాధ్యం కాదు. కెమెరా కొన్న రోజునే ఆ చిన్న బొమ్మ మీ వ్యూఫైండర్‌లో ఏ మూలన వస్తుందో చూసి పెట్టుకోవడం అన్నిటికంటే విలువైన అలవాటని నా అభిప్రాయం. ఆ బొమ్మ కనిపించిందంటే కాంపెన్సేషన్ సున్నాలో లేదని అర్థం.

ఒకే విలువ రెండు చోట్ల

కెమెరా మీద అమర్చే విడి ఫ్లాష్ అయిన స్పీడ్‌లైట్ వాడేవారికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఫ్లాష్ కాంపెన్సేషన్‌ను కెమెరాలోనూ పెట్టవచ్చు, స్పీడ్‌లైట్ వెనుక ఉన్న మీటలతోనూ పెట్టవచ్చు. రెండు చోట్లా పెడితే ఏమవుతుందన్నది ఏ సంస్థ కెమెరా వాడుతున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. క్యానన్‌లో స్పీడ్‌లైట్ మీద పెట్టిన విలువే చెల్లుతుంది. కెమెరాలోని విలువను అది పక్కన పెడుతుంది. నికాన్‌లో రెండు విలువలూ కలిసిపోతాయి. అంటే కెమెరాలో మైనస్ 1, స్పీడ్‌లైట్‌లో మైనస్ 1 ఉంటే నికాన్‌లో మొత్తం మైనస్ 2 అవుతుంది. క్యానన్ వాడేవారు కెమెరా మెనూలో సున్నా చేసి, పని పూర్తయిందనుకుని, స్పీడ్‌లైట్‌లో మిగిలిన మైనస్ 1తో ఫొటోలు తీస్తూ ఉంటారు. నికాన్ వాడేవారు ఒక చోట సున్నా చేసి, రెండవ చోట మరచిపోతారు. ఏ సంస్థదైనా సరే, రెండు చోట్లా చూసి రెండింటినీ సున్నాకు తేవాలి.

దీనిని ముందే నివారించాలంటే, కాంపెన్సేషన్‌ను ఎప్పుడూ ఒకే చోట మార్చాలని నియమం పెట్టుకోవాలి. స్పీడ్‌లైట్ వెనుక ఉన్న తెర మీద విలువ పెద్ద అంకెలతో కనిపిస్తుంది కనుక, మార్పు అక్కడే చేయడం మంచిదని నేను సూచిస్తాను. కెమెరాలోని విలువను శాశ్వతంగా సున్నాలో వదిలేయండి. కెమెరాలోనే బిగించి ఉన్న చిన్న ఫ్లాష్ మాత్రమే వాడేవారికి ఈ ఎంపిక ఉండదు. వారు కెమెరా మీద ఫ్లాష్ మీట ఎక్కడ ఉందో, దానిని నొక్కి పట్టి ఏ చక్రాన్ని తిప్పితే విలువ మారుతుందో చూడకుండానే చేయగలిగేలా సాధన చేయాలి.

కాంపెన్సేషన్ కాక ఇంకా ఏవి మిగిలిపోతాయి

స్పీడ్‌లైట్‌ను టీటీఎల్ నుంచి మాన్యువల్‌కు (ఫ్లాష్ బలాన్ని మనమే నిర్ణయించే పద్ధతికి) మార్చి, ఆ సంగతి మరచిపోవడం తరచుగా జరుగుతుంది. మాన్యువల్‌లో బలాన్ని 1/1 నుంచి సగం, పావు చొప్పున తగ్గిస్తూ చాలా స్పీడ్‌లైట్‌లలో 1/128 వరకు దించవచ్చు. పై అంచుకూ కింది అంచుకూ మధ్య కాంతిలో 128 రెట్ల తేడా ఉంటుంది. మండపం వెనుక గోడను వెలిగించడానికి 1/1లో పెట్టిన స్పీడ్‌లైట్‌ను తీసుకొచ్చి కెమెరా మీద అమర్చి, రెండు మీటర్ల దూరంలో ఉన్న పెళ్ళికూతురిని ఫొటో తీస్తే, చిత్రంలో తెల్లదనం తప్ప ఏమీ మిగలదు. దూరం రెట్టింపైతే కాంతి నాలుగో వంతుకు తగ్గుతుంది కనుక, మాన్యువల్‌లో మనిషి ఒక అడుగు ముందుకు వచ్చినా ఫలితం మారిపోతుంది. వరుసగా తీసిన ఫొటోలలో ఒకటి వెలుగుగా, ఒకటి చీకటిగా వస్తుంటే, ముందుగా స్పీడ్‌లైట్ తెర మీద ఎం అన్న అక్షరం ఉందేమో చూడండి. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లలో (లోపల అద్దం ఉన్న కెమెరాలలో) కొన్నింటికి కెమెరాలోని చిన్న ఫ్లాష్‌ను కూడా మాన్యువల్‌లో పెట్టే అవకాశం మెనూ లోపల ఉంది. అక్కడ ఏమి పెట్టి ఉందో తెలియాలంటే మెనూలోకి వెళ్ళి చూడాలి.

వైర్‌లెస్ పద్ధతిలో మిగిలిపోయిన స్పీడ్‌లైట్ లక్షణం వేరు. మరొక ఫ్లాష్ సంకేతం కోసం ఎదురుచూసే స్థితిలో ఉన్నదానిని కెమెరా మీద అమర్చితే అది అసలు వెలగకపోవచ్చు. ఫ్లాష్ పాడైపోయిందని కంగారు పడి బ్యాటరీలు మార్చేముందు, తెర మీద రిమోట్ లేదా స్లేవ్ అన్న గుర్తు ఉందేమో చూడాలి. దీనికి ఎదురుగా కమాండర్‌గా మిగిలిపోయిన చిన్న ఫ్లాష్ వెలుగుతుంది గాని, ఫొటోకు అవసరమైన కాంతిని ఇవ్వకుండా సంకేతాలు మాత్రమే పంపుతుంది. కంటికి మెరుపు కనిపించినా ఫొటో చీకటిగా వస్తే కారణం ఇదే కావచ్చు.

షట్టర్‌తో ముడిపడిన సెట్టింగుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సాధారణ ఫ్లాష్‌తో చాలా కెమెరాలు సెకనులో 1/200 లేదా 1/250 వంతు వేగం వరకే పనిచేస్తాయి. మెరీనా బీచ్‌లో సూర్యుడు బాగా పైకి వచ్చిన తరువాత కొత్త జంటను ఎఫ్ 2.8లో (లెన్స్ రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ను, బాగా తెరిచి) ఫొటో తీయాలంటే, కెమెరా కాంతిగ్రహణాన్ని తక్కువగా, ఐఎస్ఓ 100 దగ్గర ఉంచినా కూడా షట్టర్ వేగం సుమారు 1/3200 కావాలి. దానికి ఆ పరిమితి దాటిన వేగంలోనూ ఫ్లాష్‌ను వాడనిచ్చే హై స్పీడ్ సింక్ అనే సదుపాయం అవసరం. అది లేకుండా కెమెరా 1/200 దగ్గరే ఆగిపోతే, ఆకాశం, సముద్రం, ఇసుక అన్నీ నాలుగు స్టాపుల మేరకు తెల్లబారిపోతాయి. బీచ్‌లో పని అయిపోయాక ఈ సదుపాయాన్ని తీసేయకుండా వదిలేస్తే మండపంలో పెద్ద నష్టం లేదు, ఎందుకంటే షట్టర్ వేగం తక్కువగా ఉన్నప్పుడు ఫ్లాష్ మామూలుగానే వెలుగుతుంది. అయితే ఆరుబయట షట్టర్ వేగాన్ని కెమెరాకే వదిలి, అపర్చర్ ప్రాధాన్య పద్ధతిలో తీసేటప్పుడు వేగం మీకు తెలియకుండానే పరిమితి దాటి, ఫ్లాష్ బలం బాగా తగ్గిపోతుంది. దూరంగా నిలబడ్డ బంధువుల ముఖాల మీదికి వెలుతురు చేరదు.

స్లో సింక్ దీనికి పూర్తి భిన్నమైనది. మండపంలోని పూల అలంకరణ, దీపాల వెలుగు వెనుక కనిపించడం కోసం షట్టర్‌ను 1/15 సెకను వంటి నిదానమైన వేగానికి దించే పద్ధతి ఇది. తలంబ్రాల వేళ చేతులు వేగంగా కదులుతాయి కనుక, అప్పటికీ స్లో సింక్ మిగిలి ఉంటే చేతుల చుట్టూ నీడలాంటి చారలు వస్తాయి. క్యానన్ కెమెరాలలో అపర్చర్ ప్రాధాన్య పద్ధతిలో ఫ్లాష్ వాడినప్పుడు షట్టర్ ఎంతవరకు దిగవచ్చో నిర్ణయించే ఒక ఎంపిక ఫ్లాష్ మెనూలో ఉంటుంది. దానిని ఆటోలో వదిలితే షట్టర్ ఎంత నిదానంగానైనా దిగుతుంది. స్థిరమైన వేగంలో వదిలితే వెనుక నేపథ్యం నల్లగా వస్తుంది. జనం కదులుతూ ఉండే పెళ్ళిళ్ళకు 1/60కి కిందకు దిగనివ్వని మధ్య ఎంపిక సురక్షితం.

రెండవ కర్టెన్ సింక్ (షట్టర్ మూసుకోబోయే ముందు ఫ్లాష్ వెలిగే పద్ధతి) మిగిలి ఉన్నదని గుర్తించడం అన్నిటికంటే కష్టం. షట్టర్ వేగం ఎక్కువగా ఉన్నప్పుడు తేడా ఏమీ తెలియదు. షట్టర్ నిదానంగా ఉన్నప్పుడు మాత్రం, కొలత కోసం వచ్చే చిన్న మెరుపు ముందు, అసలు మెరుపు చివర వస్తాయి. మొదటి మెరుపుకే ఫొటో అయిపోయిందనుకుని పెద్దలు తల తిప్పుకుంటారు, పిల్లలు వరుసలో నుంచి కదిలిపోతారు. కుటుంబ గ్రూపు ఫొటోలలో ఒకరిద్దరు ఎప్పుడూ పక్కకు చూస్తున్నట్టు వస్తే ఈ సెట్టింగును తప్పక పరిశీలించాలి.

ఫ్లాష్ వెలుతురు ఎంత వెడల్పున పడాలో నిర్ణయించే ఫ్లాష్ తల జూమ్‌ను చేత్తో 105 మిల్లీమీటర్లకు మార్చి వదిలేస్తే, 24 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీసిన గ్రూపు ఫొటోలో మధ్యవారు వెలుగులోనూ చివరివారు చీకటిలోనూ ఉంటారు; జూమ్‌ను తిరిగి ఆటోలో పెట్టాలి. వెలుతురు రంగుకు తగ్గట్టు ఫొటో రంగులను సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఫ్లాష్ గుర్తు మీద మిగిలిపోతే, పసుపు దీపాల కింద ఫ్లాష్ లేకుండా తీసిన ఫొటోలు నారింజ రంగులో వస్తాయి. కెమెరా మార్పులు చేయకుండా భద్రపరచే రా ఫైళ్ళలో దీనిని తరువాత సులభంగా సరిచేయవచ్చు కనుక ఇది పెద్ద ప్రమాదం కాదు.

మిర్రర్‌లెస్ కెమెరా వాడేవారు ఇంకో రెండు చోట్ల చూడాలి. మొదటిది సైలెంట్ షట్టర్. మంత్రాలు చదువుతున్నప్పుడు చప్పుడు లేకుండా తీయడానికి దానిని పెడతారు. చాలా కెమెరాలలో ఆ పద్ధతిలో ఫ్లాష్ వెలగదు. స్పీడ్‌లైట్ వేసి ఉన్నా, బ్యాటరీలు నిండుగా ఉన్నా వెలగడం లేదంటే మొదట దీనినే చూడండి. రెండవది వ్యూఫైండర్‌లో ఎక్స్‌పోజర్‌ను చూపే సదుపాయం. స్టూడియోలో ఫ్లాష్‌తో మాన్యువల్‌లో తీసేటప్పుడు వ్యూఫైండర్ నల్లగా కనిపించకుండా దీనిని ఆపేస్తారు. సోనీ దీనిని సెట్టింగ్ ఎఫెక్ట్ అని, క్యానన్ ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ అని పిలుస్తాయి. ఫ్లాష్ తీసేసిన తరువాత కూడా దీనిని తిరిగి వేయకపోతే, వ్యూఫైండర్‌లో దృశ్యం నిండుగా వెలుగుతూ కనిపిస్తుంది గాని ఫొటో మాత్రం కటిక చీకటిగా వస్తుంది. ఫ్లాష్‌కు సంబంధించిన సెట్టింగు అని ఎవరికీ తోచదు కనుకనే దీనిని వెతకడానికి ఎక్కువ సమయం పడుతుంది.

ఒక్క మీటతో అన్నీ సరిచేయవచ్చా

చేయవచ్చు, కాని దాని వెంట వచ్చే మార్పులు తెలుసుకుని చేయాలి. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లలో చాలావాటికి పక్కన ఆకుపచ్చ చుక్క ఉన్న రెండు మీటలు ఉంటాయి. ఆ రెండింటినీ కలిపి రెండు సెకన్లకు పైగా నొక్కి పట్టుకుంటే ఫ్లాష్ కాంపెన్సేషన్, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, ఫ్లాష్ పద్ధతి వంటివి మొదటి స్థితికి వస్తాయి. అయితే ఎన్నో మోడళ్ళలో ఫొటో నాణ్యత కూడా జేపెగ్ నార్మల్‌కు మారిపోతుంది. రా ఫైళ్ళలో తీసేవారు ఆకుపచ్చ చుక్కలు నొక్కిన వెంటనే రాకు తిరిగి మార్చుకోకపోతే, చిన్న ఇబ్బందిని తొలగించబోయి పెద్ద ఇబ్బంది తెచ్చుకున్నట్టవుతుంది. క్యానన్‌లో ఫ్లాష్ కంట్రోల్ మెనూలోనే క్లియర్ సెట్టింగ్స్ అనే ఎంపిక ఉంటుంది. అది ఫ్లాష్ విలువలను మాత్రమే చెరిపి, మిగతా వాటి జోలికి పోదు కనుక, ఈ పనికి అదే ఉత్తమం. కెమెరా అంతటినీ మొదటికి తెచ్చే మరొక ఎంపిక కూడా క్యానన్‌లో ఉంది, కాని పెళ్ళి మధ్యలో దాని వైపు వెళ్ళకూడదు.

పదే పదే మెనూలో వెతుక్కునే శ్రమ తప్పాలంటే, క్యానన్, నికాన్ కెమెరాలలో ఉండే మై మెనూలో ఫ్లాష్ కంట్రోల్, సైలెంట్ షట్టర్, ఫొటో నాణ్యత అన్న మూడింటినీ వరుసగా చేర్చి పెట్టుకోండి.

ఇంతకంటే నమ్మకమైన పద్ధతి, పద్ధతులను ఎంచుకునే డయల్ మీద మీ సొంత సెట్టింగులను భద్రపరచుకునే స్థానాలను వాడడం. క్యానన్‌లో వీటిని సి1, సి2 అని, నికాన్‌లో యు1, యు2 అని గుర్తిస్తారు. కాంపెన్సేషన్ సున్నా, మామూలు సింక్, రా ఫైలు, ఆటో వైట్ బ్యాలెన్స్ పెట్టి, ఆ స్థితిని మొదటి స్థానంలో భద్రపరచండి. ఎంత మార్చినా, డయల్‌ను వేరే చోటికి తిప్పి మళ్ళీ అక్కడికి తెస్తే భద్రపరచిన స్థితి తిరిగి వస్తుంది. క్యానన్‌లో మాత్రం ఈ స్థానాలకు ఆటో అప్‌డేట్ అనే ఎంపిక ఉంటుంది. అది వేసి ఉంటే మీరు చేసిన ప్రతి మార్పునూ కెమెరా కొత్త మూలస్థితిగా రాసుకుంటుంది. దానిని తప్పనిసరిగా ఆపి ఉంచాలి. ఈ పద్ధతి కెమెరాలోని విలువలకే వర్తిస్తుందని కూడా గుర్తుంచుకోండి; స్పీడ్‌లైట్ మీద చేత్తో మార్చినవి స్పీడ్‌లైట్ మీదే సరిచేయాలి.

ఎప్పుడు సరిచేయాలి

పని మొదలుపెట్టేముందు అన్నీ చూసుకోమని చాలామంది చెబుతారు. పని ముగించి కెమెరాను సంచిలో పెట్టే సమయమే ఇందుకు తగినదని నా గట్టి నమ్మకం. మొదలుపెట్టే వేళ పురోహితుడు పిలుస్తూ ఉంటాడు, నాదస్వరం మోగుతూ ఉంటుంది, బంధువులు అడ్డం వస్తూ ఉంటారు; సెట్టింగులు చూసుకునే తీరిక దొరకదు. పని ముగిసినప్పుడు ఏమి మార్చామో మనసులో తాజాగా ఉంటుంది. మెమరీ కార్డు తీయడం, బ్యాటరీని చార్జింగ్‌లో పెట్టడం ఎలాగూ ప్రతిసారీ చేసే పనులే కనుక, వాటికి ముందు ఫ్లాష్‌ను సరిచేయడాన్ని కలిపేయండి. స్పీడ్‌లైట్ తెరను టీటీఎల్, సున్నా, ఆటో జూమ్ స్థితిలో చూసిన తరువాతే దానిని ఆపాలి. కెమెరాలో ఫ్లాష్ మెనూను ఒకసారి తెరిచి చూసి, డయల్‌ను మొదటి స్థానానికి తిప్పి, తరువాత మాత్రమే కార్డు తీయాలి.

కెమెరా చేతులు మారినప్పుడు మాత్రం మొదట్లోనూ చూడక తప్పదు. ఇంట్లో అన్నదమ్ములు, పిల్లలు ఒకే కెమెరా వాడుతుంటే గాని, స్పీడ్‌లైట్ అద్దెకు తెచ్చుకుంటే గాని, దాని లోపల ఎవరి సెట్టింగులు ఉన్నాయో మనకు తెలియదు. అద్దె స్పీడ్‌లైట్‌ను దుకాణంలోనే వేసి, టీటీఎల్‌కు మార్చి, వైర్‌లెస్ ఆపి, ఒక ఫొటో తీసి చూసిన తరువాతే బయలుదేరాలి. దుకాణం వాడి జ్ఞాపకం మీద ఆధారపడకూడదు.

ముహూర్తానికి ముందు పరీక్షగా ఒక ఫొటో తీయడం కూడా అవసరమే, కాని దేనిని తీస్తున్నారన్నది ముఖ్యం. తెల్లని గోడనో, నల్లని తెరనో తీస్తే కెమెరా చేసే సహజమైన పొరపాటే కనిపిస్తుంది గాని మీరు మరచిపోయినది బయటపడదు. మరీ లేతగానూ, మరీ ముదురుగానూ లేని రంగు దుస్తుల్లో ఉన్న ఒక మనిషిని, రెండు మూడు మీటర్ల దూరం నుంచి, వధూవరులు కూర్చునే చోటనే నిలబెట్టి తీయండి. ఫొటోను తెర మీద చూసేటప్పుడు ఇన్ఫో లేదా డిస్‌ప్లే మీట నొక్కి, పూర్తిగా తెల్లబారిన చోట్లు మిణుకుమిణుకుమనేలా చేసే పద్ధతికి వెళ్ళండి. ముఖం మీద ఆ మిణుకులు ఉండకూడదు. మండపంలో తెర ఎప్పుడూ ఉన్నదానికంటే వెలుగుగా కనిపిస్తుంది కనుక, చీకటిగా వచ్చిన ఫొటో కూడా అక్కడ బాగానే ఉన్నట్టు తోస్తుంది. అందుకే ఫొటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు అయిన హిస్టోగ్రామ్‌ను కూడా చూడాలి.

మధ్యలో తెలిసినప్పుడు

మాంగల్యధారణ మొదలైన తరువాత ఫొటోలు తప్పుగా వస్తున్నాయని తెలిస్తే, కారణం వెతకడానికి ఆగకండి. స్పీడ్‌లైట్ ఉంటే దాని తెర చూసి టీటీఎల్‌లోకి తెచ్చి, కాంపెన్సేషన్ మీటతో సున్నా చేయండి. కెమెరాలోని ఫ్లాష్ మాత్రమే ఉంటే డయల్‌ను ఆకుపచ్చ ఆటోకు తిప్పండి. అక్కడ మీరు పెట్టిన ఫ్లాష్ కాంపెన్సేషన్ పనిచేయదు, ఫ్లాష్ తనంతట తానే లేస్తుంది. రంగులు, నేపథ్యం మీరు కోరుకున్నట్టు ఉండకపోవచ్చు గాని ముఖాలు కనిపిస్తాయి. ఆ ఘట్టం ముగిసి అక్షతలు వేసే వరుస మొదలైన తరువాత తీరికగా కారణం వెతకవచ్చు.

అప్పటికే తీసిన ఫొటోలు చీకటిగా వచ్చి ఉంటే, రా ఫైళ్ళలో రెండు స్టాపుల వరకు పైకి లాగవచ్చు. నీడల్లో కొంత గరుకుదనం వస్తుంది, అంతే. జేపెగ్‌లో అంత వెసులుబాటు ఉండదు. తెల్లబారిన ఫొటోల సంగతి వేరు. చర్మం రంగులో ఎరుపు పాలు ఎక్కువ కనుక, వెలుతురు ఎక్కువైనప్పుడు ఎరుపు ముందుగా నిండిపోయి, నుదుటి మీద, బుగ్గల మీద వివరాలు పూర్తిగా పోతాయి. పోయిన వాటిని ఏ సాఫ్ట్‌వేరూ నిజంగా తిరిగి తేలేదు. ఏ విలువ పెట్టాలో సందేహంగా ఉన్నప్పుడు కొంచెం తక్కువ వైపు ఉండడమే మేలు. తరువాత ఏ ఫొటోలో ఏ సెట్టింగు ఉందో తెలుసుకోవడానికి ఫైలుతోపాటు నమోదయ్యే ఎగ్జిఫ్ వివరాలు తోడ్పడతాయి. ఫ్లాష్ వెలిగిందా లేదా అన్నది అక్కడ తప్పక ఉంటుంది. చాలా కెమెరాలు కాంపెన్సేషన్ విలువను కూడా రాస్తాయి.

ఫ్లాష్ పూర్తిగా ఆపవలసిన చోట్లు

ధనుర్మాసంలో చెన్నై సభలలో త్యాగరాజ కీర్తనలు వినడానికి వెళ్ళే మనవారిలో చాలామంది, అనుమతి ఉన్న చోట ఒకటి రెండు ఫొటోలు తీసుకుంటారు. చీకటి హాలులో హఠాత్తుగా వెలిగే ఫ్లాష్ గాయకుల ఏకాగ్రతకు భంగం కలిగిస్తుంది. పైగా పదిహేను వరుసల వెనుక నుంచి కెమెరాలోని చిన్న ఫ్లాష్ వేదికను చేరదు. ఐఎస్ఓ 100 దగ్గర గైడ్ నంబరు (ఫ్లాష్ బలానికి కొలత) 12 ఉన్న ఫ్లాష్, ఎఫ్ 4లో మూడు మీటర్ల వరకే చాలుతుంది. మైలాపూరు కపాలీశ్వరాలయ గోపురానికైనా, ఎగ్మూరు మ్యూజియంలో గాజు పెట్టెల లోపల ఉన్న విగ్రహాలకైనా ఫ్లాష్ నిరుపయోగమే. గాజు మీద దాని ప్రతిబింబం మాత్రం మిగులుతుంది. ఇటువంటి చోట్లకు వెళ్ళేముందు ఆటో పద్ధతిని వదిలి పి (ప్రోగ్రామ్) పద్ధతిలోకి రావాలి. పి, అపర్చర్ ప్రాధాన్యం, మాన్యువల్ పద్ధతులలో మీరు లేపితే తప్ప చిన్న ఫ్లాష్ లేవదు.

ఫ్లాష్ ఆపినా వెలిగే దీపం మరొకటి ఉంది. చీకటిలో ఫోకస్ కోసం కెమెరా ముందు భాగంలో వెలిగే ఏఎఫ్ అసిస్ట్ దీపం ఎదుటివారి కళ్ళలో సూటిగా పడుతుంది. సభకు వెళ్ళేముందు దానిని కూడా మెనూలో ఆపాలి. అయితే సభ నుంచి ఇంటికి రాగానే దానిని తిరిగి వేసి, కెమెరాను డయల్ మొదటి స్థానానికి తేవాలి. స్పీడ్‌లైట్ అమర్చినప్పుడు చీకటిలో ఫోకస్‌కు తోడ్పడే ఎర్రని కిరణం కూడా చాలా కెమెరాలలో ఇదే ఎంపికతో ముడిపడి ఉంటుంది. దానిని ఆపి వదిలేస్తే, తరువాతి పెళ్ళిలో దీపాలు తగ్గించిన మండపంలో లెన్స్ ముందుకూ వెనక్కూ తిరుగుతూ, ఫోకస్ కుదరక, షట్టర్ మీట నొక్కినా ఫొటో పడకుండా పోతుంది.